మిరియాల గిడ్డంగిలో బొమ్మల కొలువు

పాత వ్యాపార భవనాలను కళాప్రదర్శనశాలలుగా మార్చే పని ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతున్నది. దీని ప్రసక్తి వచ్చినప్పుడు మన అభ్యుదయ మిత్రులలో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. సరుకు పోయినచోటికి కళ వచ్చింది, సంతోషించవలసిందే కదా అనేది ఒకటి. ఇదంతా ధనికుల వినోదం, చుట్టుపక్కల స్థలాల ధరలు పెంచటానికి వేసిన ఎత్తు అనేది రెండవది. ఈ రెండూ భవనం గడప తొక్కకుండా ఇంట్లో కూర్చుని చెప్పగల అభిప్రాయాలే. అందుకే నాకు రెండిటిమీదా గౌరవం తక్కువ. మొదటిది కళ అనే మాట వినగానే చేతులు జోడిస్తుంది. రెండవది ధనం అనే మాట వినగానే కళ్లు మూసుకుంటుంది. కళ్లు మూసుకుని విమర్శ చేయటం సాధ్యం కాదు.

నేను కొచ్చి గోదాములను మూడుసార్లు చూశాను. అక్కడ 2012 డిసెంబరు 12న మొదలై, రెండేళ్లకొకసారి జరగాలని తలపెట్టిన అంతర్జాతీయ కళాప్రదర్శనకు ముఖ్యమైన వేదికలు పాత వర్తక భవనాలే. వాటిలో పెద్దది ఆస్పిన్‌వాల్ హౌస్. 1867లో జాన్ ఆస్పిన్‌వాల్ అనే ఇంగ్లీషు వర్తకుడు పెట్టిన కంపెనీ తాలూకు ఆవరణ అది. కొబ్బరినూనె, మిరియాలు, కలప, నిమ్మగడ్డి నూనె, అల్లం, పసుపు, తోళ్లు, తరువాత కొబ్బరి పీచు, తేయాకు, కాఫీ — మలబారులో పండినవీ, వలిచినవీ, పిండినవీ ఆ కంపెనీ చేతులమీదుగా సముద్రం దాటాయి. దానికి కొంచెం దూరంలో పెప్పర్ హౌస్ ఉంది. పేరులోనే మిరియం ఉంది. నడుమ పెద్ద ముంగిలి, ఒక గోదాము వీధివైపు, ఒక గోదాము నీటివైపు.

గోదాము అన్నాను గాని, మనకు గిడ్డంగి అనే మంచి మాట ఉంది. ఇంగ్లీషువాళ్ల ‘గోడౌన్’ మలయా భాషనుంచి వచ్చిందనీ, ఆ మలయా మాటకు మూలం మన గిడ్డంగో, తమిళుల కిడంగో కావచ్చుననీ కొందరు నిఘంటుకారులు రాశారు. సరుకుతోపాటు, సరుకు దాచే చోటి పేరు కూడా ఓడెక్కి పోయిందన్నమాట. సరుకుకు ధర కట్టినట్టు మాటకు కట్టలేదు గనుక ఆ బాకీ ఎవరూ మనకు చెల్లించనక్కరలేదు.

ఈ గిడ్డంగులు ఎందుకు ఖాళీ పడ్డాయి? ఈ ప్రశ్న అడగకుండా ప్రదర్శన చూసేవాడు సగమే చూస్తాడు. ఒకప్పుడు కొచ్చి రేవు ముఖద్వారంలో ఇసుకమేట ఉండేది. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. చిన్న పడవలు సరుకును గిడ్డంగి మెట్లనుంచి ఓడదాకా చేరవేసేవి. గిడ్డంగులన్నీ నీటికి ముఖం పెట్టి ఉండటానికి కారణం ఇదే. అందం కోసం కాదు. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఆ మేటను తవ్వించాడు. 1928లో పద్మ అనే ఆవిరి ఓడ లోపలి రేవులోకి వచ్చింది. తవ్విన మట్టితోనే విల్లింగ్డన్ దీవి తయారైంది, రేవు పని అటు జరిగింది. తరువాత బస్తాల రోజులు పోయి ఇనుప కంటెయినర్ల రోజులు వచ్చాయి. 2011లో వల్లార్‌పాడం దీవిలో కంటెయినర్ల రేవు ప్రారంభమైంది. ఆ రేవుకు దారి వేయటం కోసం మూలంపిళ్లి మొదలైన ఊళ్లలో 316 కుటుంబాలను ఖాళీ చేయించారు; 2008 ఫిబ్రవరిలో మూలంపిళ్లిలో ఇళ్లు కూల్చిన సంగతి కేరళలో చదువుకున్నవాళ్లంతా ఎరుగుదురు. వల్లార్‌పాడం రేవు తెరిచిన మరుసటి ఏడే ఇవతల మట్టాంచేరి తీరాన పాత గిడ్డంగుల్లో కళాప్రదర్శన మొదలైంది. ఒకటి రెండవదానికి కారణమని నేను చెప్పటం లేదు. రెండూ ఒకే చరిత్ర తాలూకు రెండు ఒడ్లని చెబుతున్నాను. కళ వచ్చి సరుకును వెళ్లగొట్టలేదు. పెట్టుబడి తనకు పనికిరాకుండాపోయిన చోటును వదిలి వెళ్లిన తరువాతనే కళకు అక్కడ చోటు దొరికింది. వదిలి వెళ్లింది గాని, పట్టా మాత్రం వదలలేదు. కళాకారులు అడుగుపెట్టేనాటికి ఆస్పిన్‌వాల్ ఆవరణ ఒక పెద్ద స్థిరాస్తి సంస్థ చేతిలో ఉంది.

ఇక ఆ సరుకు మోసినవాళ్ల సంగతి. రేవులో పని దొరకటానికి చాప్ప అనే పద్ధతి ఉండేది. చాప్ప అంటే లోహపు బిళ్ల. మన ఛాపాకు చుట్టమే కాబోలు. పొద్దున్నే కూలీలు గుంపుగా నిలబడేవాళ్లు. గుత్తేదారు మనిషి గుప్పెడు బిళ్లలు గాలిలోకి విసిరేవాడు. ఎవడి చేతికి బిళ్ల చిక్కితే వాడికి ఆరోజు కూలి. చిక్కనివాడికి పస్తు. బిళ్లలకోసం మనుషులు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకునేవాళ్లు. ఈ పద్ధతి పోవాలని సాగిన పోరాటంలో 1953 సెప్టెంబరు 15న మట్టాంచేరిలో పోలీసులు కాల్పులు జరిపారు. సైదు, సైదలవి, ఆంటొణి అనే ముగ్గురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కె.ఎం. చిదంబరం దీనిమీద ‘తురముఖం’ అనే నాటకం రాశాడు. దాని ఆధారంగా రాజీవ్ రవి తీసిన సినిమా 2023లో విడుదలైంది. అంటే మలయాళ సాహిత్యమూ సినిమా ఈ సంగతి మరిచిపోలేదు.

మరి గిడ్డంగుల్లోకి వచ్చిన కళ?

ప్రదర్శనకు పెట్టిన పేరే చూడండి: కొచ్చి-ముజిరిస్. రోము నగరంతో వర్తకం చేసిన ప్రాచీన రేవు ముజిరిస్. 1341 నాటి పెరియార్ వరదలో ఆ రేవు పూడిపోయి కొచ్చి రేవు ఏర్పడిందని చెబుతారు. కొచ్చికి ఉత్తరాన పట్టణం అనే గ్రామంలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో దొరికిన కుండపెంకులూ పూసలూ ముజిరిస్ ఎక్కడున్నదనే చర్చను మళ్లీ లేపాయి. పురావస్తు పరిశోధనతో నాకు తగాదా లేదు. కాని రెండువేల ఏళ్లనాటి మిరియాన్ని పేరులోనే తలుచుకుని, అరవై ఏళ్లనాటి బిళ్లను పక్కనపెట్టటం ఎలాంటి జ్ఞాపకశక్తి? రోమను నౌకలు వచ్చినప్పుడు కూడా మూటలు ఎవరో మోసే ఉంటారు. వాళ్ల పేర్లు మనకు దొరకవు. 1953లో మోసినవాళ్ల పేర్లు దొరుకుతాయి. దొరికే పేర్లకంటె దొరకని పేర్లే అతిథులకు ఎక్కువ ఇంపుగా ఉంటాయి. అవి ఎవరినీ జవాబు అడగవు.

మొదటి ప్రదర్శనలో వివాన్ సుందరం ‘బ్లాక్ గోల్డ్’ అనే నిర్మాణం పెట్టాడు. పట్టణం తవ్వకాల్లో దొరికిన వేలాది కుండపెంకులను పేర్చి నేలమీద ఒక నగరం కట్టాడు. ఆ నగరాన్ని నీరు ముంచెత్తటం, మిరియాలు తేలటం తెరమీద చూపించాడు. మిరియానికి నల్ల బంగారమని పేరు. మన సింగరేణి బొగ్గుకూ అదే పేరు గనుక, తెలంగాణా పాఠకుడికి ఆ పేరు వినగానే మిరియాలకంటె ముందు బొగ్గుబావిలో దిగిన మనిషి గుర్తుకు వస్తాడు. సుందరం నగరంలో నాకు ఆ మనిషే కనిపించలేదు. పెంకు ఉంది, కుండ చేసిన చెయ్యి ఊహలోనైనా లేదు. పనితనంలో లోపం లేదు, ఓపికలో లోపం లేదు. అది చాలా అందమైన శిథిలం. 2023లో పోయిన ఆ కళాకారుడు జీవితమంతా వామపక్షం వైపు నిలిచినవాడు కావటంవల్లనే ఈ మాట అనవలసి వచ్చింది. ఇంకొకరైతే ఇంతటితో సరిపెట్టుకునేవాణ్ణి.

అదే ప్రదర్శనలో, అదే ఆస్పిన్‌వాల్ ఆవరణలో, షీలా గౌడా, క్రిస్టాఫ్ స్టోర్జ్ కలిసి చేసిన ‘స్టాపోవర్’ నాకు పూర్తిగా వేరే అనుభవం ఇచ్చింది. మజిలీ అని దానికి మన మాట. ఉన్నవి రుబ్బురోళ్లు. సుమారు 170 రుబ్బురోళ్లు. బెంగుళూరులో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకుంటున్నవాళ్లకు మిక్సీలు వచ్చాక ఈ రోళ్లతో పని లేకపోయింది. కాని రోలును పగలగొట్టటానికి చేతులు రావు. అది ఇంటి దేవతలాంటిది. అందుకని మోసుకువెళ్లి వీధి పక్కన వదిలారు. అలా వదిలినవాటిని పోగుచేసి, కొచ్చికి తెచ్చి, గిడ్డంగిలో పరచి, నీటి ఒడ్డువైపు సాగించారు. ఓడెక్కటానికి సిద్ధంగా ఉన్న సరుకులాగా, దిగాక ఎవరూ తీసుకువెళ్లని సరుకులాగా కూడా అవి అక్కడ పడి ఉన్నాయి.

ఇందులో గొప్ప ఏముందని నాతో వచ్చిన విద్యార్థి ఒకడు అడిగాడు. మా అమ్మమ్మ ఇంట్లో కూడా రోలు ఉంది గదా అన్నాడు. ఉంది, అందుకే గొప్ప. రోలు మన అందరికీ తెలుసు. దానిమీద వంగిన నడుము కూడా మనకు తెలుసు. కాని ఆ పనిని మనం ఏనాడూ పని కింద లెక్క కట్టలేదు. ఇంటి ఆడవాళ్లకు కూలి లేదు గనుక ఆ శ్రమకు ధర లేదు. ధర లేనిది అర్థశాస్త్రంలోకి రాదు, అర్థశాస్త్రంలోకి రానిది చరిత్రలోకి రాదు. ఎగుమతి దిగుమతుల పద్దులు రాసిన ఆ గిడ్డంగిలోకి, ఏ పద్దులోనూ లేని శ్రమ తాలూకు 170 సాక్ష్యాలు తెచ్చి పెట్టారు. మరొక సంగతి: రోలు బరువు. ఒక్కొక్కటి కదిలించటానికి ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. అంటే ఈ కళాఖండం అక్కడికి రావటానికే, పూర్వం మిరియాల బస్తాలు మోసినట్టే, భుజాలమీద మోసే మనుషులు కావలసివచ్చారు. చాలాకాలంగా పనిలేని గిడ్డంగికి ఆ రోళ్లు మళ్లీ పని చెప్పాయి. కూలీ బొమ్మ ఒక్కటి కూడా లేకుండా కూలీని చూపించిన శిల్పం ఇది. శ్రామికుణ్ణి కండలతో, పిడికిలితో గీస్తేనే అభ్యుదయ కళ అనుకునే మన మిత్రులు ఈ రోళ్ల ముందు కాసేపు నిలబడితే బాగుండేది.

గిడ్డంగి గోడలను గురించి ఒక మాట చెప్పాలి. సున్నం పెచ్చులూడిన గోడలు, నాచు పట్టిన ఇటుకలు, వంగిన దూలాలు — వీటిని బాగుచేయకుండా అలాగే ఉంచటం ఇప్పుడు ఒక రుచి. అందులో కొంత న్యాయం ఉంది. కొత్తగా రంగు వేస్తే గిడ్డంగి హోటలు అయిపోతుంది. కాని పెచ్చులూడిన గోడముందు ఏ వస్తువు పెట్టినా గంభీరంగా కనిపిస్తుంది. ఇది కళాకారుడికి అప్పనంగా వచ్చిన వైభవం. ఖాళీ కుర్చీ ఒకటి పెట్టినా సరే, గోడ దానికి నూరేళ్ల విషాదాన్ని అరువిస్తుంది. నేను తిరిగిన గదుల్లో కనీసం మూడోవంతు ఇలా గోడ సంపాదన తిన్న రచనలే. తెల్ల సున్నం కొట్టిన మామూలు గదిలో పెడితే వాటిలో ఎన్ని నిలబడతాయి? విమర్శకుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది.

పారిస్‌లో వర్తక వినిమయ భవనం — బూర్స్ ద కొమెర్స్ — విషయం ఇందుకు భిన్నం. అది 18వ శతాబ్దంలో ధాన్యం మార్కెట్టుగా కట్టిన గుండ్రని భవనం. 1889లో వర్తక వినిమయ కేంద్రమైంది. గుమ్మటం కింద చుట్టూ, ఖండఖండాలనుంచి సరుకులు ఐరోపాకు చేరుతున్న చిత్రాలు గీయించుకున్నారు. వలసల దోపిడీని ఒక పండుగలాగా చూపిన బొమ్మలవి. విలాసవస్తువుల వ్యాపారంలో కోట్లు గడించిన ఫ్రాన్స్వా పినో తన సేకరణ ప్రదర్శించటానికి పారిస్ నగరం 50 ఏళ్ల కౌలుకు ఇచ్చింది. జపాను వాస్తుశిల్పి తదావో ఆందో దాని నడుమ తొమ్మిది మీటర్ల ఎత్తున కాంక్రీటు వలయం కట్టాడు. 2021 మేలో తెరిచారు. ఆ పాత చిత్రాలను చెరపలేదు, శుభ్రం చేసి ఉంచారు. దోచినవాడు తన దోపిడీని తానే గోడమీద రాసి పెట్టాడు. కళ చూడవచ్చినవాడు తల ఎత్తితే చాలు, అది కనిపిస్తుంది. కొచ్చి గోడమీద అలాంటి దస్తావేజు లేదు. అక్కడ చరిత్ర భుజాలమీద మోసింది, భుజాలతోపాటే పోయింది. కనుక దాన్ని తిరిగి తెచ్చే బాధ్యత కొచ్చిలో కళాకారుడిమీద ఎక్కువ పడుతుంది.

ఆ బాధ్యతను ఒక విదేశీయుడు మోశాడు. 2016 ప్రదర్శనలో చిలీ కవి రౌల్ సురీతా ‘దుఃఖసముద్రం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద గిడ్డంగిని నీటితో నింపాడు. చెప్పులు విడిచి, బట్టలు మోకాళ్లపైకి పట్టుకుని, ఆ నీటిలో నడవాలి. గోడలమీద కవి మాటలు. చివరి గోడ చేరితే తెలుస్తుంది అది ఎవరి కోసమో. 2015లో టర్కీ తీరానికి కొట్టుకువచ్చిన పసివాడు ఆలన్ కుర్దీ ఫొటో లోకమంతా చూసింది. అదే పడవ మునకలో చనిపోయిన అతని అన్న గాలిప్‌ను ఎవరూ అలా చూడలేదు. సురీతా ఆ గిడ్డంగిని గాలిప్‌కు అంకితం చేశాడు.

ఈ కవి 1973 సైనిక కుట్రనాడు అరెస్టయి ఓడ అడుగు కొట్టులో బందీగా ఉన్నవాడు. సరుకు ఉండవలసినచోట మనుషులను కుక్కటం ఏమిటో అతనికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. గిడ్డంగిని అతను అలంకారంగా వాడుకోలేదు. సరుకుకు తలుపులు బార్లా తెరిచి, మనిషికి తలుపు మూసే లోకాన్ని చూపించటానికి సరుకుల కొట్టే తగిన చోటని అతను గ్రహించాడు. నీళ్లలో నడుస్తున్నంతసేపూ నాకు సైదు, సైదలవి, ఆంటొణి గుర్తుకు వచ్చారు. ఇది కవి ఉద్దేశం కాదు. అతనికి ఆ పేర్లు తెలిసి ఉండకపోవచ్చు కూడా. కాని నిజమైన రచన తనకు తెలియని వాస్తవానికి కూడా తలుపు తీస్తుంది. ఒక ఫిర్యాదు ఉంది: ఆ నీటిలో నిలబడి కొందరు యువకులు ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటున్నారు. ఫొటో దొరకని పిల్లవాడి పేరిట కట్టినచోట! తప్పు కవిది కాదు గాని, ప్రదర్శన అనే సంస్థ ఎలాంటి చూపును తయారుచేస్తుందో అందులో కనిపించింది.

2018 ప్రదర్శనకు సంచాలకురాలు అనితా దూబే. 1987లో బరోడాలో రాడికల్ చిత్రకారులూ శిల్పులతో కలిసి, కళను బజారు సరుకు చేయటాన్ని ఎదిరించిన బృందంలో ఆమె ఉన్నది. ఆమె తన ప్రదర్శనకు పరాయీకరణ లేని జీవితానికి అవకాశాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. మార్క్సు చదివినవాళ్లకు ఈ మాట ఎక్కడిదో చెప్పనక్కరలేదు. ఆ ఏడు కేరళ వరదల్లో పాడైన సామాన్లను — మంచాలు, పుస్తకాలు, ఇంటి యంత్రాలు — బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా ఆస్పిన్‌వాల్ గదుల్లో గాలిలో వేలాడదీసింది. వరద తగ్గి కొన్ని నెలలే అయింది. చూడవచ్చినవాళ్లలో అలాంటి సామాన్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒక ముసలామె వేలాడుతున్న కుట్టు మిషను కింద చాలాసేపు నిలబడింది. కళ గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

కాని పరాయీకరణ అనే మాట గుమ్మంమీద రాసుకున్నప్పుడు లోపలి పద్దులు కూడా చూడాలి. ఆ ప్రదర్శనకు కట్టుబడి పనులు చేసినవారు తమ బాకీలు తీరలేదని 2019లో బహిరంగంగా చెప్పారు. నిర్వాహకులు ఆ లెక్క ఒప్పుకోలేదు. 2022లో డిసెంబరు 12న తెరవవలసిన ప్రదర్శన 23కు వాయిదా పడినప్పుడు, పాల్గొన్న కళాకారులే ఏర్పాట్లలోని అవ్యవస్థ గురించి బహిరంగ లేఖ రాశారు. ఎవరి లెక్క నిజమో తేల్చటం విమర్శకుడి పని కాదు. మేకు కొట్టినవాడి కూలి కూడా కళావిమర్శలో భాగమేనని చెప్పటం మాత్రం విమర్శకుడి పనే. నాటకాన్ని విమర్శించేటప్పుడు తెర లాగేవాడి జీతం గురించి మనం రాయం. గిడ్డంగిలోకి వచ్చిన కళ గురించి రాసేటప్పుడు రాయక తప్పదు, ఎందుకంటే ఆ చోటు చరిత్ర అంతా కూలి చరిత్రే.

ఇంత చెప్పాక, ఇదంతా ధనికుల వినోదమన్న మిత్రులకు నేను లొంగిపోయానని అనుకోవద్దు. మొదటి ప్రదర్శన మూడు నెలల్లో సుమారు నాలుగు లక్షలమంది చూశారని నిర్వాహకులు ప్రకటించారు. అంకె కొంచెం అటూ ఇటూ అయినా, వచ్చినవాళ్లెవరో నేను కళ్లారా చూశాను. బడిపిల్లలు, నర్సులు, ఆటో నడిపేవాళ్లు, కుటుంబాలతో వచ్చిన గుమాస్తాలు. మన నగరాల్లో పెద్ద గ్యాలరీలున్నాయి. వాటి గాజు తలుపు తోయటానికి మా కళాశాల విద్యార్థులకు ఇప్పటికీ ధైర్యం చాలదు. కొచ్చిలో ఆ జంకు నాకు కనిపించలేదు. గిడ్డంగి గుమ్మం బస్తా వీపున వేసుకున్న మనిషి వంగకుండా లోపలికి పోయేటట్టు కట్టింది. గ్యాలరీ గుమ్మం మనిషి చెప్పులు చూసి ఆపేటట్టు కట్టింది. భవనానికి కూడా మర్యాద తెలుస్తుంది. ఈ లాభాన్ని చిన్నచూపు చూసేవాడు ప్రజల కళ గురించి మాట్లాడకపోవటం మంచిది.

ఒక ఆక్షేపణకు మాత్రం జవాబు చెప్పాలి. కళాకారుడు ఏ గదిలో బొమ్మ పెడితే ఆ గది చరిత్రే చెప్పాలా, అతనికి తన వస్తువు ఉండదా అని ఒక చిత్రకారుడు నన్ను అడిగాడు. ఉండవచ్చు. ఎవడు వద్దన్నాడు? తన వస్తువు తనకున్నవాడు ఏ గదిలోనైనా పెట్టుకోవచ్చు. కాని ఆ గది పాతదనాన్ని, నీటి ఒడ్డును, మిరియాల వాసన అనే కథను ప్రదర్శన తన ప్రకటనలలో వాడుకుంటున్నప్పుడు, ఆ వాసన ఎవరి చెమటతో కలిసినదో అడిగే హక్కు చూసేవాడికి వస్తుంది. మూడు ప్రదర్శనల్లోనూ నేను తిరిగిన గదుల్లో చాప్ప బిళ్ల కోసం వెతికాను. నా కంటికి కనిపించలేదు. గిడ్డంగినుంచి మట్టాంచేరి బజారుకు పోయే దారిలో టీకొట్టు దగ్గర ఒక ముసలి ముఠా కార్మికుణ్ణి, వచ్చీరాని మలయాళంలో, లోపల చూశారా అని అడిగాను. చూశానన్నాడు. ఎలా ఉందన్నాను. కాసేపు ఆలోచించి, నేలమీద రాళ్లు వదులుగా ఉన్నచోట ఇప్పుడు బాగుచేశారనీ, పూర్వం అక్కడ కాలు జారేదనీ చెప్పాడు.